మాదరి భాగ్యరెడ్డి వర్మ: మత్తు నుంచి మెలకువకు

ఆదోని, ఎమ్మిగనూరు వాడల్లోని అన్నలకు, అక్కలకు, సుగ్గికి పోయి తిరిగొచ్చిన కూలన్నలకు, మగ్గం గుంటలో కూర్చునే నేతన్నలకు, పత్తి మిల్లుల్లో చాకిరీ చేసే తల్లులకు ఈ చిన్న పుస్తకం.

మన ధమ్మ పుస్తకాల వరసలో ఈసారి ఒక హైదరాబాదు మనిషి జీవితం చెప్పుకుందాం. ఆయన పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. బాబాసాహెబ్ అంబేడ్కర్ కంటే మూడేళ్ల ముందు పుట్టారు. బాబాసాహెబ్ నాగపూర్‌లో బౌద్ధం తీసుకోవడానికి పదిహేడేళ్ల ముందే కన్నుమూశారు. ఆయన పేరు మన పక్క చాలామందికి తెలుసు. విగ్రహాలకు దండలు వేస్తాం, జయంతి చేస్తాం. అయితే మన గేరీల్లో తాగుడుతో నలిగిపోతున్న ఇళ్లకు ఆయన జీవితంలో ఎంత పనికొచ్చే పాఠం ఉందో మనం అంతగా మాట్లాడుకోలేదు.

ఒక మనిషి తాగి రోడ్డు మీద పడి ఉంటే ఊరోళ్లు ఏమంటారు? వాళ్ల కులమే అంత, వాళ్లకు దుడ్లిచ్చినా సారాయికే పోస్తారు అంటారు. ఊరోళ్లు అంటే సరే, మన ఇంట్లో మనమే వాడు పనికిరానోడు, వాడి తలరాత అంతే అంటాం. ఈ రెండు మాటలకూ లొంగకుండా, తాగేవాళ్ల మధ్యనే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి భాగ్యరెడ్డి వర్మ.

బాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు

1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. ఇంట్లో పెట్టిన పేరు బాగయ్య. ఆ కుటుంబానికి ఒక గురువు ఉండేవారు. ఆయన ఈ పిల్లవాడి పేరును భాగ్యరెడ్డి అని మార్చారు. రెడ్డి అనే మాట రేడు నుంచి వచ్చింది, రేడు అంటే పాలించేవాడు, ఈ నేలను మొదట ఏలినవాళ్లు మనవాళ్లే, కాబట్టి ఆ పేరు మనదే అని ఆ గురువు చెప్పిన కారణం. చరిత్ర సంగతి పక్కన పెడదాం. అంటరానివాడు అని పిలిపించుకుంటూ పెరుగుతున్న పిల్లవాడికి, నువ్వు పాలించిన జాతి బిడ్డవు అని ఒక పెద్దమనిషి చెప్పడం ఎంత బలమిస్తుందో ఆలోచించండి.

పన్నెండేళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడు ఆయన ఇల్లు విడిచిపెట్టారు. చిన్నాచితకా పనులు చేశారు. చివరికి ఫ్రాన్సిస్ జేవియర్ డాస్ శాంటోస్ అనే క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పని దొరికింది. ఆ ఇంట్లో పనితోపాటు చదువు కూడా వంటబట్టింది. చట్టం అంటే ఏంది, సభ అంటే ఏంది, అర్జీ ఎట్లా రాయాలి అనే లోకజ్ఞానం వచ్చింది. బడికి పోయి పట్టాలు తెచ్చుకునే దారి ఆయనకు లేదు. దొరికిన చోటే నేర్చుకున్నారు.

1906: జగన్ మిత్ర మండలి

ఆయనకు పద్దెనిమిదేళ్లు. మన పిల్లోళ్లు ఆ వయసులో సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలల్లోనో, బెంగళూరు బిల్డింగు పనుల్లోనో ఉంటారు. ఆ వయసులో ఆయన జగన్ మిత్ర మండలి అని ఒక సంఘం పెట్టారు. జగన్ మిత్ర అంటే లోకానికి స్నేహితుడు.

వాడల్లో జనానికి అక్షరం రాదు. కరపత్రం పంచితే ఎవరు చదువుతారు? అందుకని హరికథలు, భజనలు పట్టుకున్నారు. పొద్దంతా పనిచేసి వచ్చిన మనుషులు రాత్రిపూట ఎట్లాగూ ఒకచోట చేరతారు. చేరిన చోట కల్లు ముంత తిరిగేది. అదే చోట ఇప్పుడు కథ మొదలైంది. కథ మధ్యలో సంగతులు చెప్పారు: చిన్నపిల్లలకు పెళ్లి చేయొద్దు, ఆడబిడ్డలను దేవుడి పేరుతో వదలొద్దు, పెళ్లికీ చావుకీ తాగుడు పెట్టొద్దు, పిల్లలను బడికి పంపండి.

ఆ పద్ధతి గమనించండి. సాయంత్రం కల్లు దగ్గరికి పోయే మనిషికి అక్కడ ఇంకొంచెం కూడా దొరుకుతుంది: తోడు, నవ్వు, నాలుగు మాటలు, పగటి అవమానాన్ని మరిచిపోయే చోటు. కల్లు మాను అని చెప్పి అతన్ని ఒంటరిగా ఇంట్లో కూర్చోబెడితే ఎన్నాళ్లు మానతాడు? భాగ్యరెడ్డి సంఘం అతనికి సాయంత్రం పూట పోవడానికి ఇంకో చోటు చూపించింది. ఈ రోజు డాక్టర్లు, కౌన్సెలర్లు కూడా మానినవాళ్లకు తోడు బృందం కావాలని చెబుతారు.

1911లో ఈ మండలి మన్య సంఘంగా మారింది. మన్య అంటే గౌరవించదగ్గవాళ్లు అని ఆ పేరులోనే ఉంది. 1913లో ఆర్య సమాజం వాళ్లు ఆయన సేవకు మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు. హైదరాబాదులో జీవహింసకు వ్యతిరేకంగా పనిచేసిన రాయ్ బాల్‌ముకుంద్ వంటివారు ఆయనకు స్నేహితులయ్యారు. ఎవరితో కలిసినా, ఏ సమాజం వేదిక మీద మాట్లాడినా తన పని మాత్రం వాడల్లోనే పెట్టుకున్నారు.

తాగుడు ఎవరికి లాభం?

నిజాం సర్కారుకు ఆబ్కారీ, అంటే కల్లు సారాయిల మీద పన్ను, పెద్ద రాబడి. తాటిచెట్టు, ఈతచెట్టు మొదలుకొని దుకాణం వేలం దాకా సర్కారు లెక్కలోనే ఉండేవి. వేలం పాడినవాడు తన దుడ్లు రాబట్టుకోవాలి. ఎవరి దగ్గర? వెట్టి చేసి వచ్చిన మనిషి దగ్గరే. బ్రిటిషోళ్ల కింద ఉన్న మన కర్నూలు జిల్లాలోనూ ఆబ్కారీ వేలాలే.

పైగా కులాచారం ఒకటి. పెళ్లయితే కల్లు. చావైతే కల్లు. దేవర చేస్తే సారాయి. కుల పంచాయతీలో తప్పు వేస్తే ఆ తప్పు డబ్బుతో అందరూ కలిసి తాగడం. తాగనివాడు కులంలో కలవనివాడు. ఇట్లా తాగుడును మర్యాదగా మార్చిపెట్టిన తర్వాత ఒక్క మనిషిని పట్టుకుని నీకు బుద్ధి లేదు అంటే న్యాయమా?

భాగ్యరెడ్డి ఇది గుర్తించినట్టు ఆయన పనిలోనే కనిపిస్తుంది. తాగే మనిషికి నీతులు చెప్పి ఊరుకోలేదు. పెళ్లిళ్లు, కర్మలు జరిగే తీరునే మార్చమని కులపెద్దల దగ్గరికి పోయారు. పంచాయతీలను బాగుచేయడానికి పూనుకున్నారు. పెద్దలు ఒప్పుకుని పెళ్లిలో తాగుడు తీసేస్తే, మానాలనుకునే మనిషికి ఆ పూట గండం తప్పినట్టే.

ఇప్పుడు మన దిక్కు చూడండి. ఆదోని దాటితే కర్ణాటక ఎంత దూరం? అక్కడి నుంచి దొంగతనంగా వచ్చే పాకెట్లు మన కొట్టాల దాకా చేరతాయి. బెల్టు షాపు బడికంటే దగ్గరగా ఉంటుంది. వాన లేక చేను ఎండితే సుగ్గి, సుగ్గి నుంచి వస్తే అప్పు, అప్పుతో దిగులు, దిగులుకు పాకెట్టు. రాబడి ఇంకొకరిది, జబ్బు మనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ సారాయి మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారాయి నిషేధం వచ్చింది. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో దాన్ని ఎత్తేశారు. సర్కారు ఖజానాకు మద్యం రాబడి కావాలి అనే మాట ఆబ్కారీ కాలం నుంచి ఇప్పటికీ మారలేదు.

దేవుడి పేరుతో వదిలేసిన బిడ్డలు

భాగ్యరెడ్డి జీవితంలో ఇంకో పెద్ద పని జోగిని, మురళి ఆచారాల మీద పోరాటం. మాల మాదిగ ఇళ్లలో ఆడబిడ్డను దేవుడికి ఇచ్చామని చెప్పి ఊరి పెద్దలకు వదిలేసే దురాచారం అది. దాన్ని ఆపడానికి ఆయన ప్రత్యేకంగా మురళి నివారణ మండలి పెట్టి ఊరూరా ప్రచారం చేశారు.

మన ఆదోని, కోసిగి, ఆలూరు పక్క ఇదే ఆచారాన్ని బసివిని అంటారు. 1988లో చట్టం చేసి నిషేధించారు. కానీ బసివినిగా బతికిన అవ్వలు, వాళ్ల పిల్లలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. తండ్రి పేరు అడిగిన ప్రతి దరఖాస్తు దగ్గరా తల దించుకున్న బిడ్డ గుండెలో ఏముంటుంది? నిద్ర పట్టని రాత్రులు, ఊరికే వచ్చే ఏడుపు, బతకాలనిపించకపోవడం, ఇవన్నీ మనసు గాయాలు. వీటిని మనం గాలి సోకింది అంటాం, దేవరమ్మ కోపం అంటాం. లేకపోతే మందు తాగి నిద్రపోతాం. భాగ్యరెడ్డి తాగుడు గురించి, జోగిని గురించి, బాల్యవివాహం గురించి ఒకే వేదిక మీద మాట్లాడటం ఊరికే జరిగింది కాదు. అవన్నీ ఒకే అవమానం నుంచి పుట్టిన బిడ్డలు.

బడి, పేరు, పత్రిక

1910లో ఈసామియా బజారులో, లింగంపల్లిలో ఆయన బడులు మొదలుపెట్టారు. ఉర్దూ రాజ్యమేలే రోజుల్లో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. తర్వాత రెండు దశాబ్దాల్లో ఆ బడులు 26 అయ్యాయి. రెండున్నర వేల మంది పిల్లలు చదివారు. చివరికి నిజాం సర్కారే ఆ బడులను తీసుకుని నడపవలసి వచ్చింది. సంఘం మొదలుపెట్టిన పనిని సర్కారు బాధ్యతగా చేయించడం, ఇది ఆయన సాధించిన పెద్ద గెలుపు. చందా దుడ్లతో ఎన్నాళ్లని బడి నడుస్తుంది?

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి. పంచములు, అంటే నాలుగు వర్ణాల బయట పడేసిన ఐదోవాళ్లు. ఆ పేరుతో సభ చేయడం ఆయనకు నచ్చలేదు. మనం ఈ నేలకు మొదటివాళ్లం అని వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. హైదరాబాదులో ఆది హిందూ అనే పేరు పెట్టుకున్నారు. మన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యం మనవాళ్లను ఆది హిందువులుగా రాసుకుంది.

పేరు మారిస్తే కడుపు నిండుతుందా అని కొందరు అడుగుతారు. పిలుపులోనే అవమానం ఉన్నప్పుడు, ఆ పిలుపు రోజూ వినే మనిషి మనసు ఏమవుతుందో వాళ్లకు తెలియదు. తాగుబోతు, పిచ్చోడు అనే మాటలు కూడా అట్లాంటి పిలుపులే. ఒకసారి ఆ పేరు పడితే మనిషి దాని కిందనే బతుకుతాడు. మానేసి ఏడాదైనా ఊరు ఆ పేరుతోనే పిలుస్తుంది.

1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టారు. అందులో వెట్టి మాదిగ అనే రచన వెలువరించారు. మాల కుటుంబంలో పుట్టిన ఆయన మాదిగ మనిషి వెట్టి బతుకును రాశారు. అయినా ఆ రోజుల్లో మాల మాదిగల మధ్య దూరం పోలేదు. మాదిగ నాయకులు తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. నాయకత్వం ఎవరిది, ఫలం ఎవరికి అని వాళ్లు అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ ప్రశ్న ఇప్పటికీ మన ముందు ఉంది. సాయం కోసం పెట్టిన ఏ సంఘమైనా మాదిగ గేరికీ, బసివిని ఇంటికీ, సంచార జాతుల గుడారాలకూ చేరిందా లేదా అని చూసుకోవాలి.

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ సభకు కూడా ఆయన అధ్యక్షత వహించారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున డాక్టర్ అంబేడ్కర్ మాట్లాడాలని ఆ సభ బలపరిచింది. దేశం మొత్తం మీద మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన జీవితం రాసినవాళ్లు లెక్క చెబుతారు.

బుద్ధుని వైపు

ఆయన మనసు చాలాకాలంగా బుద్ధుని వైపు ఉంది. హైదరాబాదులో బుద్ధ జయంతి జరపడం ఆయన ఎప్పుడో మొదలుపెట్టారు. 1937లో వైశాఖ పూర్ణిమ నాడు మళ్లీ ఘనంగా జరిపారు. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్లకు, 1939 ఫిబ్రవరి 18న, ఆయన చనిపోయారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు.

పంచశీలలో ఐదోది మత్తు పదార్థాలకు దూరంగా ఉండటం. అందులో పమాదం అనే పాలీ మాట ఉంది. మన తెలుగులో ప్రమాదం అంటే బస్సు బోల్తా పడటం. పాలీలో ఆ మాటకు ఏమరుపాటు అని అర్థం, అంటే మెలకువ తప్పడం. మత్తు మనిషి మెలకువను తీసుకుపోతుంది కాబట్టి దానికి దూరంగా ఉండమన్నారు. తాగినవాడు పాపి, వాన్ని వెలివేయండి అని ఆ శీలంలో లేదు. ఎవరికి వాళ్లు తీసుకునే వ్రతం అది. తప్పినా మళ్లీ తీసుకోవచ్చు. మానడానికి ప్రయత్నించి జారిపోయిన మనిషికి ఇది పెద్ద ధైర్యం.

రోగిని చూసుకోవడం కూడా ధమ్మంలో భాగమే. దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే రాతి మీద ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు దొరకని చోట తెప్పించి నాటించానని ఆ రాజు అందులో చెక్కించాడు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటే వైద్యం రాజ్యం బాధ్యత అని మన బండల మీద రాసి ఉంటే, ఈ రోజు దాన్ని అడగడానికి మనం మొహమాటపడటం ఎందుకు?

మనం ఏం చేయాలి?

భాగ్యరెడ్డి జీవితం చదివి దండం పెట్టి ఊరుకుంటే చాలదు. ఆయన రోజుల్లో లేనివి ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాటిని వాడుకోవాలి.

మొదటిది, తాగుడు జబ్బు అని గుర్తించాలి. మెదడు దానికి అలవాటు పడుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించి వినిపించవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని దయ్యం అనుకుని కట్టేయొద్దు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మందులు ఉన్నాయి.

రెండోది, వైద్యం మన హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తనలో చేర్చుకుంది. కులం, మతం, ఆడ మగ తేడా లేకుండా సర్కారు వైద్యం అందించాలని ఆ చట్టం చెబుతుంది. పేదవాళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. చావబోయిన మనిషిని కేసులతో వేధించకుండా, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూసి ఆదుకోవాలని కూడా అందులోనే ఉంది.

కాగితం మీద హక్కు ఒకటి, గేరికి అందేది ఒకటి. 2015–16లో నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, మద్యం జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 86 మందికి వైద్యం అందడం లేదని తేలింది. మన ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. బస్సు ఛార్జీ, ఒక పూట కూలి, తోడు వచ్చే మనిషి కూలి. నెలకు రెండుసార్లు పోవాలంటే ఏ కూలి ఇంటికి అవుతుంది? కాబట్టి ఆదోనిలో, ఎమ్మిగనూరులో మనసు డాక్టరూ మందులూ ఎప్పుడూ దొరికేలా చేయమని సంఘంగా అర్జీ పెట్టాలి. భాగ్యరెడ్డి బడుల కోసం సర్కారును కదిలించినట్టే మనం వైద్యం కోసం కదిలించాలి.

మూడోది, ఫోను. టెలీమానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రింబగళ్లు తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి సలహా కావాలంటే 14446. ఈ రెండు నంబర్లు గేరి గోడ మీద రాయించండి. సుగ్గికి పోయే పిల్లోళ్ల ఫోన్లలో వేయండి.

నాలుగోది మన చేతిలో ఉన్నది. పున్నమి నాడు బుద్ధ వందనం చేసుకునే చోటే, మానాలనుకునేవాళ్లు, మానినవాళ్లు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు వారానికి ఒక సాయంత్రం కలిసి కూర్చునేలా చూడండి. టీ పెట్టండి. ఎవరి కథ వాళ్లు చెప్పుకోనివ్వండి. జారిపోయినవాడు మళ్లీ వస్తే ఎందుకు తాగావని నిలదీయకుండా పక్కన చోటివ్వండి. దేవరకూ దినానికీ తాగుడు పెట్టని ఇంటికి నలుగురూ తప్పక పోయి గౌరవించండి.

జగన్ మిత్ర మండలి పద్దెనిమిదేళ్ల పిల్లవాడి చేతిలో మొదలైంది. అతని దగ్గర ఆస్తి లేదు, పెద్ద చదువు లేదు. సాయంత్రం పూట జనం కూడే చోటికి పోయి వాళ్ల పక్కన కూర్చున్నాడు. మన గేరీల్లోనూ సాయంత్రాలు ఉన్నాయి, పద్దెనిమిదేళ్ల పిల్లలూ ఉన్నారు. వచ్చే పున్నమికి మీ గేరిలో ఆ కూడిక మొదలుపెట్టండి.

జై భీమ్! నమో బుద్ధాయ!